కోదాడ పిల్లవాడి తల్లి

పోయిన వారం మంగ్లీని మనం సూర్యాపేట బస్టాండులో, కోదాడ బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టినచోట వదిలిపెట్టాం. చేతిలో బత్తాయిల సంచి, కడుపులో దిగులు. భర్త బాల్యా మార్కెట్ యార్డులో బస్తాలు మోస్తూ, భార్య ఆ పక్కనే ఎక్కడో వడ్లు చెరుగుతోందనుకుంటున్నాడు. కొడుకు కిరణ్ మిర్యాలగూడలో ఉన్నాడు. రేపు ఆదివారం అక్కడ బాక్సింగ్ ఎంపిక పోటీలు. గెలిచినవాడి పేరు రాష్ట్ర జట్టులోకి పోతుంది. ఇప్పటిదాకా ఒక్క ఆటా ఓడిపోని కిరణ్‌కు ఈ చుట్టుపక్కల ఎదురు నిలిచేవాడు ఒక్కడేనట. వాడు కోదాడ అఖిల్ అట. వాడి దెబ్బ పడితే మనిషి లేవడం కష్టమట. ఆ పిల్లవాడి తల్లి కాళ్ళు పట్టుకుని అయినా సరే, రేపు వాణ్ణి రింగులోకి రాకుండా చెయ్యాలని మంగ్లీ బయలుదేరింది.

బస్సు మునగాల దాటింది. మంగ్లీ సంచిని ఒళ్ళో గట్టిగా పట్టుకుని, కిటికీలోంచి పొలాలను చూస్తూ ఏమీ చూడకుండా కూర్చుంది. వారం కింద కోచ్ రాజేందర్ సార్ దగ్గరికి పోయి అడిగిన మాటలే మళ్ళీ మళ్ళీ చెవుల్లో తిరుగుతున్నాయి.

"సార్, మా కిరణ్ ఇన్ని ఆటలు ఆడిండు గద. గా కోదాడ పిలగానితోటి ఒక్కసారి గూడ ఎందుకు ఆడలే?"

రాజేందర్ సార్ గ్లౌజులు ఎండలో ఆరబెడుతున్నాడు. తల ఎత్తకుండానే చెప్పాడు. "నారు పోస్తరు గదమ్మా మీరు. మొలక రాంగనే తీస్కపోయి పెద్ద మడిల నాటుతరా? నాటరు. జర బలం పట్టేదాక నారుమడిలనే ఉంచుతరు. బాక్సర్ గూడ గంతే. పేరు మోసిన చాంపియన్లు గూడ ముందుగాల డేంజర్ గాళ్ళ జోలికి పోరు. తేలికోళ్ళతోటి ఆడి గెలుసుడు అలవాటు చేసుకుంటరు. మనసు గట్టిపడ్డంక పెద్దోని ముందటికి పోతరు. లోకమంత గిట్లనే నడుస్తది."

"అంటే భయపడి తప్పుకునుడే గద సార్?"

"తప్పుకునుడు కాదు. టైం సూసుకునుడు."

"మరి గా కోదాడోడు డేంజరా?"

సార్ అప్పుడు ఒక గ్లౌజును తిప్పి మళ్ళీ తిప్పాడు. ఆమె ముఖం వైపు చూడలేదు. "డేంజరే అనుకో," అన్నాడు.

ఆ మాట పట్టుకునే మంగ్లీ ఇంటికొచ్చింది. వచ్చి, గోడకు మేకు కొట్టి వేలాడదీసిన పతకాల వైపు చాలాసేపు చూసింది. ఇవన్నీ తేలికవాళ్ళ మీద గెలిచినవేనా? అట్లయితే ఇవి కిరణ్ గెలిచినట్టా, సార్ గెలిపించినట్టా? తన బిడ్డను ఎవరూ గట్టిగా కొట్టకుండా సార్ కాపాడుకొచ్చినందుకు దండం పెట్టాలా, లేక పిల్లవాణ్ణి మోసం చేస్తున్నందుకు తిట్టాలా? ఒక పక్క సంతోషంగా ఉంది, ఇంకో పక్క తల కొట్టేసినట్టుంది. ఏది నిజమో ఆమెకు తేలలేదు. తేలింది ఒక్కటే. ఆదివారం నాడు ఆ పెద్దవాడు వస్తున్నాడు.

అందుకని ఆమెకు తోచిన ఉపాయం ఆమె చేసింది. కిరణ్ ఆడేది యాభై ఐదు కిలోల తూకంలో. పోటీకి ముందురోజు పొద్దున తూకం వేస్తారు. అంతకు మించితే పైన అరవై కిలోల వాళ్ళతో ఆడాలి. అఖిల్ కూడా యాభై ఐదులోనే ఉన్నాడు కాబట్టి, కిరణ్ కాస్త ఒళ్ళు చేస్తే చాలు, వాడి దారిలోంచి వీడు పక్కకు తప్పుకున్నట్టే. ఆ రోజునుంచి జొన్నరొట్టెకు రెండు పక్కలా నెయ్యి, పప్పులో నెయ్యి, అన్నం అడుగున నెయ్యి.

"యాడీ, గీ పప్పు గిట్ల మెరుస్తుందేందే?" అన్నాడు కిరణ్ ఒకరోజు. లంబాడీ ఇళ్ళలో తల్లిని పిలిచే పిలుపు అది. ఎంత చదువుకున్నా, ఎంతమందిలో ఉన్నా కిరణ్ అట్లాగే పిలుస్తాడు.

"కొత్త పప్పు బేటా. కొత్తది గట్లనే మెరుస్తది," అంది మంగ్లీ.

పిల్లవాడు తిన్నాడు గాని, తెల్లారగానే లేచి హైవే పొడుగునా పరుగెత్తేవాడు. తిన్న నెయ్యంతా చెమటలో పోతోందేమోనని మళ్ళీ ఆమెకు దిగులు. ఆ నెయ్యిని నమ్ముకుని ఇంట్లో కూర్చోలేకే ఈ బస్సెక్కింది.

కోదాడలో దిగి, చౌరస్తా దగ్గర ఆటోవాణ్ణి అడిగింది. "బాక్సింగ్ అఖిల్ వాళ్ళిల్లా? శాంతకుమారి బజ్జీల బండి ఆవిడది. చర్చి ఎనక సందు," అని చెప్పాడు అతను, ఊరంతా తెలిసిన సంగతే అన్నట్టు.

సందు చివర రేకుల ఇల్లు. ముందు నీలం పట్టా కప్పిన తోపుడు బండి. వాకిట్లో పీట మీద కూర్చుని ఒక ఆవిడ బజ్జీ మిరపకాయలను నిలువునా చీరుతూ, గింజలు తీసి వాము పెడుతోంది. మంగ్లీ కంటే నాలుగైదేళ్ళు చిన్నది కావచ్చు. చేతులు చకచకా కదులుతున్నాయి గాని, ముఖంలో నిద్ర లేదు.

దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ అక్కడ నిలబడగానే ఎగిరిపోయాయి.

"అఖిల్ వాళ్ళ ఇల్లు గిదేనా అమ్మా?"

"ఇదే. ఎవరండీ?"

"మాది సూర్యాపేట. గాడికెళ్ళే వచ్చిన. మా పిలగాడు గూడ బాక్సింగ్ నేర్సుకుంటున్నడు. మీ పిలగాని పేరు ఇన్న. జర మంచి చెడ్డ అడుగుదామని."

అబద్ధం అంటే అబద్ధం కాదు, నిజమంటే నిజమూ కాదు. శాంతకుమారి మాత్రం ముఖం విప్పుకుని పీట జరిపింది. "రా వదినా, కూర్చో. బత్తాయిలెందుకు తెచ్చావు, ఉత్త చేతుల్తో వస్తే రానియ్యనా? మావాడు లేడు, పొద్దున్నే మిర్యాలగూడ పోయాడు. మా ఆయన లారీ మీద బెజవాడ పోయాడు. కూర్చో, టీ పెడతా."

"టీ వద్దు. నువ్వు పని చేసుకో. నేను గూడ ఒక చెయ్యేస్త," అని మంగ్లీ ఒక మిరపకాయ అందుకుంది. 

తలుపు పక్క గోడ మీద పిల్లవాడి ఫోటో ఉంది. మెడలో పతకం. మంగ్లీ దాన్ని చూసి చూసి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. రాక్షసుడిలా ఉంటాడనుకుంది. ఫోటోలో ఉన్నది సన్నటి మెడ, పెద్ద చెవులు, బడికి టిఫిన్ డబ్బా మరిచిపోయి వచ్చినవాడిలాంటి నవ్వు.

"గీ పిలగాడేనా?"

"వాడే."

"బక్కగున్నడు గద."

"తింటేగా. ఈ వారమే కాస్త తింటున్నాడు." శాంతకుమారి సందు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "ఎవరితో అనబాక వదినా. నేనే మేపుతున్నా. వాళ్ళ సార్‌కి తెలిస్తే నన్ను బండితో సహా కాల్వలో తోస్తాడు. ఎట్లాగైనా వాడి బరువు పెంచాలని."

మంగ్లీ చేతిలో మిరపకాయ ఆగిపోయింది. "బరువెందుకు?"

"సూర్యాపేటలో ఒకడున్నాడంట. మీ ఊరేగా, నీకు తెలిసే ఉంటది. కిరణ్ అని."

మంగ్లీకి ఒక్కసారిగా ఏమీ అర్థం కాలేదు. సూర్యాపేటలో కిరణ్‌లు ఎంతమంది లేరు. తమ వీధిలోనే ఇద్దరున్నారు. బాక్సింగ్ నేర్చుకునే కిరణ్ ఇంకొకడు ఉన్నాడేమో, తనకు తెలియదేమో.

"ఏ కిరణ్?"

"ఆత్మకూరు వైపు తండా వాళ్ళ పిల్లోడంట. వాళ్ళమ్మా నాన్నా మార్కెట్లో పని చేస్తారంట. చూడ్డానికి మెత్తగా, తల వంచుకుని పోతాడంట. రింగులోకి దిగితే మాత్రం వాడి చెయ్యి చెయ్యి కాదంట. వాడి పేరు వింటే నాకు అన్నం దిగట్లేదు."

"గట్ల ఎవలు చెప్పిన్రు నీకు? ఏదో ఒకటి అంటరు జనం."

"ఎవరో చెప్పడం కాదు. నా కళ్ళతో చూశా, జవహర్ని." శాంతకుమారి చాకు పక్కన పెట్టింది. "మిర్యాలగూడ పిల్లోడు. మావాడి ఫ్రెండు. ఎండాకాలం అక్కడ క్యాంపు పెట్టారు గదా, అక్కడ ఉత్త ప్రాక్టీసే. తలకి దెబ్బ తగలకుండా మెత్తటి టోపీ గూడా పెట్టుకున్నాడు. ఆ కిరణ్ ఒక్కటంటే ఒక్కటి ఇచ్చాడంట. జవహర్ కూలబడి, నవ్వి, లేచి ఇంటికి పోయాడు. ఇంటికి పోయాక చెవిలోంచి రక్తం. ఇప్పుడు ఆ కుడి చెవి పనిచెయ్యదు. వాళ్ళ కిరాణా కొట్లో కూర్చుంటాడు. కుడి పక్కనుంచి పిలిస్తే ఎడమ పక్కకి తిరిగి చూస్తాడు వదినా. నేను పోయినప్పుడు వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని ఒకటే మాట చెప్పింది. నీ కొడుకుని వాడికి ఎదురు పెట్టబాక అని."

మంగ్లీ చేతిలోని మిరపకాయను పళ్ళెంలో పెట్టింది. 

ఆ ఎండాకాలం ఆమెకు బాగా గుర్తుంది. క్యాంపు నుంచి వచ్చిన కిరణ్ ముద్ద ముట్టలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఎవరో తన బిడ్డను కొట్టారని ఆమె ఒళ్ళంతా తడిమి చూసింది. వాపు లేదు, కమిలిన మచ్చ లేదు. "దెబ్బ తాకిందా బేటా?" అని అడిగితే, "నాకేం తాకలే యాడీ" అన్నాడు. అబద్ధం చెప్పలేదు పిల్లవాడు. ఆమె అడిగిన మాటకే జవాబు చెప్పాడు. బిడ్డకేం కాలేదని ఆమె మిరపకాయలతో దిష్టి తీసి, వాటిని పొయ్యిలో వేసి, హాయిగా నిద్రపోయింది.

మిద్దె మీద కిరణ్ గుద్దడానికి యూరియా సంచులు రెండు కలిపి ఊక నింపి కుట్టిచ్చింది తనే. అది ఎప్పుడూ ఒకే పక్కన చిరిగేది. సంచులు పుచ్చిపోయాయని దుకాణం వాణ్ణి తిట్టుకుంటూ మళ్ళీ మళ్ళీ కుట్టింది. ఎన్ని రకాల భయాలు పడింది ఆమె. ముక్కు విరుగుతుందని, పళ్ళు ఊడతాయని, తలకు దెబ్బ తగిలి పిల్లవాడు తనను గుర్తు పట్టడని. భయపడడంలో ఆమె ఏ లోటూ చెయ్యలేదు. తన కొడుకు చెయ్యిని చూసి ఇంకో తల్లి భయపడుతుందన్న భయం ఒక్కటే ఆమెకు తట్టలేదు.

"ఏంది వదినా, నీళ్ళు కావాలా?" అంటోంది శాంతకుమారి. "ముఖం అట్లా పెట్టావేంది?"

"అక్కా," అంది మంగ్లీ. వయసులో చిన్నదాన్ని అక్కా అంటున్నానని కూడా ఆమెకు తెలియలేదు. "గా కిరణ్ తల్లిని నేనే."

శాంతకుమారి చేతి వేళ్ళు మిరపకాయల పళ్ళెం అంచు మీద ఆగాయి. ఆమె లేవలేదు, అరవలేదు. పీటను మాత్రం కొంచెం వెనక్కి జరుపుకుంది.

"ఎందుకొచ్చావు మరి? మావాడిలో ఎంత సత్తా ఉందో చూసిపోదామనా?"

"కాదు."

"మీ సార్ పంపాడా?"

"సార్‌కు తెల్వదు. మా ఇంటాయనకు గూడ తెల్వదు. రేపు మీ పిలగాన్ని రింగులకు రానియ్యకుండ్రి అని నీ కాళ్ళు మొక్కుదామని వచ్చిన."

"అది నేను నిన్ను అడగాల్సిన మాట గదా."

"మీ పిలగాడే డేంజర్ అన్నడు మా సార్."

"మావాడా?" శాంతకుమారి గోడ మీది ఫోటో వైపు చూసింది, అది ఎవరి ఫోటోనో తనకే అనుమానం వచ్చినట్టు. "బాగానే ఆడతాడు. చురుకు. కానీ వాడి చేత్తో ఇంతవరకు ఎవరికీ ముక్కు గూడా పగల్లేదు. మీ సార్ నీతో అట్లా చెప్పాడా?"

"చెప్పిండు. మొఖం సూడకుంట చెప్పిండు."

 ఒకరి మాట పట్టుకుని ఇంకొకరు లాగడం మొదలుపెట్టారు.

"నల్లగొండల ఆడేటప్పుడు మీ పిలగానికి జెరమొచ్చిందన్నరు."

"జ్వరం లేదు, గిరం లేదు. వాళ్ళ సార్ చెప్పమన్నాడు, చెప్పాం. ఖమ్మంలో మీవాడికి కాలు బెణికిందన్నారుగా?"

"కాలా? ఆ దినం ఇంట్ల మిద్దె మెట్లు రెండు రెండు దూకుకుంట ఎక్కిండు." మంగ్లీ తల పట్టుకుంది. "మరి ఖమ్మం ఎందుకు పోలేరా అంటే, సార్ వద్దన్నడు అన్నడు. గంతే."

"అంటే ఒకసారి మావాణ్ణి ఆపారు, ఒకసారి మీవాణ్ణి ఆపారు."

"ఇద్దరు సార్లు మాట్లాడుకునే చేసిన్రు."

"మాట్లాడుకునే. మీవాడూ గెలుస్తూ ఉండాలి, మావాడూ గెలుస్తూ ఉండాలి. ఇద్దరికీ పేర్లొస్తాయి. మా సార్ గూడా నాతో అదే అన్నాడు. పైకొచ్చే పిల్లోణ్ణి అప్పుడే గట్టివాడి మీదికి తోలకూడదమ్మా, చాంపియన్లందరూ అట్లా పైకొచ్చినోళ్ళే అని. నేనూ బానే ఉందిలే అనుకున్నా. నీకెట్లా చెప్పాడు?"

"నారుమడి అని చెప్పిండు."

"మరి నారు ఎవరు వదినా మన ఇద్దరి పిల్లల్లో?"

మంగ్లీ ఆ మాటనే తిప్పి తిప్పి చూసుకుంది. సార్ తన కొడుకును కాపాడాడా, తన కొడుకు నుంచి పక్కవాళ్ళను కాపాడాడా, లేక తన పేరు కాపాడుకున్నాడా? జవహర్ సంగతి తల్లికి తెలిస్తే కిరణ్‌ను ఆట మాన్పిస్తుందని దాచాడా? దాస్తే మాత్రం, ఏమీ ఎరుగని ఇంకో పిల్లవాణ్ణి డేంజర్ అని ఎందుకన్నాడు? ఒక ముడి విప్పితే రెండు ముళ్ళు పడుతున్నాయి. మిరపకాయ ఘాటుకో, ఇంకెందుకో, కళ్ళు మండుతున్నాయి.

ముందు శాంతకుమారే తేరుకుంది. శనగపిండి గిన్నె దగ్గరికి లాక్కుని నీళ్ళు పోసి కలుపుతూ, తనకు తానే ధైర్యం చెప్పుకున్నట్టు అంది. "పోనీలే. ఇప్పుడు ఇవన్నీ ఎందుకు. రేపటికైతే గండం గడిచినట్టే. పొద్దున బస్సెక్కే ముందు వాడికి పెరుగన్నం పెట్టా, దాని మీద అరటిపళ్ళు పెట్టా, మళ్ళీ చెంబెడు మజ్జిగ తాగించా. వద్దంటే ఏడ్చా. యాభై ఐదు దాటకుండా ఎట్లా ఉంటాడు? అరవైలో పడుంటాడు. మీవాడు యాభై ఐదులో, మావాడు అరవైలో. ఎవరి ఆట వాళ్ళు ఆడుకుంటారు."

మంగ్లీ ముందుకు జరిగింది.

"అక్కా."

"ఊ?"

"నేను గూడ పెట్టిన."

"ఏం పెట్టావు?"

"నెయ్యి. రొట్టెల, పప్పుల. వారం కెళ్ళి. అరవైలకు పోతడని."

శాంతకుమారి మొదట నవ్వింది. ఎవరో పక్కింటావిడ తెలివితక్కువతనం గురించి విన్నట్టు నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే పిండి గిన్నెలో ఆమె చెయ్యి ఆగింది, ఆ తర్వాత నవ్వు కూడా ఆగింది. పిల్లలిద్దరూ ఎదురుపడకుండా తప్పించాలని ఇద్దరు తల్లులూ చెరొక ఇంట్లో కూర్చుని, చెప్పుకోకుండానే ఇద్దరినీ ఒకే మెట్టు ఎక్కించారు.

"దాటి ఉండడేమోలే మీవాడు," అంది శాంతకుమారి. "పరుగెత్తుతాడుగా."

"ఉరుకుతడు," అంది మంగ్లీ. మొదటిసారి, ఆ నెయ్యంతా చెమటలో పోయి ఉంటే బాగుండునని మొక్కుకుంది. ఏం చెయ్యాలో తెలియక ఆమె కూడా ఒక మిరపకాయను పిండిలో ముంచింది. ఇంకా నూనె పెట్టలేదని గుర్తొచ్చి బయటికి తీసింది. వేళ్ళంతా పిండి.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

మంగ్లీ ఫోన్ పాతది. చెవి దగ్గర పెట్టుకుంటే వినపడదు, ఎవరొచ్చినా స్పీకర్‌లోనే మాట్లాడాలి. ఆమె పిండి చేత్తోనే తీసి, ఫోన్‌ను ఇద్దరి మధ్య ఉన్న మిరపకాయల పీట మీద పెట్టింది.

"యాడీ, ఏడున్నవ్?"

"యార్డులనే ఉన్న బేటా."

"సప్పుడు లేదేంది?"

"అన్నాలకు పోయిన్రు అందరు. నువ్వు చెప్పు. తూకమైందా?"

"అయింది." కిరణ్ గొంతు వేగంగా ఉంది. "బరువు ఎక్కువొచ్చింది యాడీ. ఎట్ల ఎక్కిందో సమజైతలేదు. సార్ ఒకటే తిట్టుడు. ఉరికి తగ్గిద్దామన్నా టైం ఇయ్యలే. అరవైల రాసిన్రు. జోడీలు గూడ తీసిన్రు. మొదటి ఆటనే కోదాడ అఖిల్‌తోటి. వాడు గూడ బరువెక్కి వచ్చిండంట. అందరు నవ్వుతున్నరు."

శాంతకుమారి పిండి చేతిని నోటికి అడ్డం పెట్టుకుంది.

"సార్ ఏమంటున్నడు?" అంది మంగ్లీ. 

"ఏమంటడు. ఇద్దరు సార్లు కూసొని గుసగుసలు పెట్టిన్రు గని ఏం కాలే. ఈసారి ఎవలు తప్పుకున్నా టీంల పేరు లేనట్టే అని పైనోళ్ళు చెప్పిన్రు. ఇగ ఆడుడే. నువ్వు పరేషాన్ గాకు. నాకేం గాదు. వాడు సురుకుగుంటడు గని, నాది ఒక్కటి తాకితే ఖతం. లేవడు."

తల్లి భయపడకూడదని చెప్పిన ధైర్యం అది. ఇద్దరు తల్లుల మధ్య, పీట మీద పడింది. మంగ్లీ తల ఎత్తి చూడలేకపోయింది.

"కిరణ్. జవహర్ అనెటోడు ఎవలు?"

 అవతల ఎవరో విజిల్ ఊదారు, పిల్లలు ఏదో అరుచుకున్నారు.

"నీకెవలు చెప్పిన్రు?"

"ఎవలో చెప్పిన్రు."

"నేను కావాల్నని కొట్టలే యాడీ." పిల్లవాడి గొంతు చిన్నబోయింది. "వాళ్ళ దుకాణం కాడికి రెండుసార్లు పోయిన. రోడ్డు ఇవతల నిలవడి వచ్చిన. లోపలికి పోలే. సార్‌ను అడిగిన, మెల్లగ కొట్టి గెలువొచ్చా అని. చెయ్యి ఆపితే నువ్వే పడతవ్ అన్నడు. మరి నేనేం చెయ్యాలె, నువ్వు చెప్పు."

ఏం చెప్పాలి? గట్టిగా కొట్టు బేటా అని చెప్పాలా? ఎదురుగా ఆ తల్లి కూర్చుంది. కొట్టకు అని చెప్పాలా? అప్పుడు రేపు మంచాన పడేది తన బిడ్డ అయితే? రావద్దు, ఇంటికొచ్చెయ్యి అని చెప్పాలా? ఇన్నేళ్ళు తెల్లారకముందే లేచి పరుగెత్తిన పిల్లవాడు ఆ ఒక్క మాటతో సగం మనిషైపోతాడు. ఏ దారి చూసినా చివర ఒక దవాఖాన తలుపే కనిపించింది మంగ్లీకి.

"అన్నం తిను బేటా," అంది చివరికి. "తిని పండుకో. నేను పొద్దుగాలనే వస్త."

"సరే."

మంగ్లీ పిండి అంటిన వేలితో ఎర్ర గుర్తు మీద నొక్కి, ఫోన్‌ను పీట మీదే బోర్లించింది.

శాంతకుమారి ఏడవలేదు. కొంగుతో చేతులు మెల్లగా తుడుచుకుంది, ఒక్కొక్క వేలూ. తర్వాత ముందుకు వంగి, మంగ్లీ మోకాలి మీద చెయ్యి వేసింది.

"నీ కొడుకు మంచోడు వదినా. విన్నా. వాణ్ణి ఆపమని నిన్ను అడగను. నువ్వు ఆపినా ఆగడు, నేను చెబితే మావాడూ ఆగడు. ఒక్కటి మాత్రం చెప్పు. తల్లివి, రోజూ చూస్తావు. ఆ దెబ్బ వచ్చే ముందు నీ కొడుకు ఏం చేస్తాడు? ఏదో ఒకటి చేస్తాడు గదా. కాలు జరుపుతాడా, కళ్ళు ఆర్పుతాడా? మావాడు చురుకు. ముందే తెలిస్తే తప్పుకుంటాడు. వాడు గెలవక్కర్లేదు నాకు. రెండు చెవులతో ఇంటికొస్తే చాలు."

మంగ్లీకి తెలుసు. మిద్దె మీద బట్టలు ఆరేస్తూ, పిట్టగోడ మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ, ఎన్ని పొద్దులు చూడలేదు. చెబితే అఖిల్ తప్పుకుంటాడు. తప్పుకుని ఊరుకుంటాడా? ఊపు మీద ముందుకు తూలిన తన బిడ్డ ముఖం వాడికి ఎదురుగా, కాపు లేకుండా ఉంటుంది. అప్పుడు ఆ బక్క చెయ్యి ఏం చేస్తుందో ఎవరు చెప్పగలరు? చెప్పకపోతే మాత్రం ఏం జరుగుతుందో ఆమెకు ఇప్పుడు స్పష్టంగా తెలుసు. కుడి పక్కనుంచి పిలిస్తే ఎడమ పక్కకి తిరిగి చూసే పిల్లవాళ్ళు ఇద్దరవుతారు.

మోకాలి మీది చెయ్యి బరువుగా ఉంది, వెచ్చగా ఉంది.

"ఎడమ భుజం దించుతడు," అంది మంగ్లీ. తన నోటివెంట వస్తున్న మాటను తానే ఎవరో అన్నట్టు విన్నది. "జరంతనే. సూసినోనికి గని తెల్వదు. అది దిగిందంటే ఎడమ చెయ్యి పక్కకెళ్ళి గుండ్రంగ వస్తది. భుజం దిగంగనే ఎనకకు జరగమను. ఆగొద్దను."

శాంతకుమారి ఆ చెయ్యి తియ్యకుండానే తల ఊపింది. ఆమె పెదవులు ఆ మాటలనే మళ్ళీ ఒకసారి నిశ్శబ్దంగా పలికాయి, మరిచిపోకుండా.

పీట మీద బోర్లించిన ఫోన్‌లోంచి సన్నగా ఒక ఊపిరి చప్పుడు వచ్చింది. మంగ్లీ అది తనదే అనుకుంది. మళ్ళీ వచ్చింది. పిండి పూసుకున్న వేలితో నొక్కినా కాల్ కట్ కాలేదు. ఆమె చెయ్యి చాచింది. అందుకోలేక మధ్యలోనే ఆగిపోయింది.

"యాడీ," అన్నాడు కిరణ్ చాలా మెల్లగా. "ఇప్పుడు నువ్వు చెప్పింది ఎవలకు?"